పర్లాకిమిడి గోడ మీద సెంట్రల్ పార్క్

మన భాషలో మ్యాపునీ పటమే అంటాం, అద్దం వేసి గోడకు తగిలించిన దేవుడి బొమ్మనీ పటమే అంటాం. మా నాన్న షాపు బోర్డు మీద "ఇచ్చట పటములు కట్టబడును" అని తెలుగులో, దాని కింద అదే మాట ఒడియాలో రాసి ఉండేది. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడిలో ఏ బోర్డయినా అంతే, రెండు లిపులూ ఉండాల్సిందే. ఆ బోర్డు కిందే నేను పెరిగాను. బడి వదిలాక ఇంటికి కాదు, షాపుకే వెళ్ళేదాన్ని. హోంవర్కు అక్కడే, నిద్ర వస్తే గోడకి ఆనించిన హార్డ్‌బోర్డు షీట్ల పక్కనే.

ఆ షాపు వాసన ఇప్పటికీ ఎక్కడైనా గుర్తు పట్టగలను. టేకు పొట్టు, జిగురు, కిరసనాయిలు కలిసిన వాసన. అద్దం కోసే ముందు నాన్న కట్టర్ మొనని కిరసనాయిల్లో ముంచేవారు. గజంబద్ద అద్దం మీద పెట్టి, ఎడమ చేత్తో అదిమిపట్టి, ఒక్క లాగుడు లాగేవారు. సన్నగా కర్రుమని చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు మధ్యలో తెగకూడదు. తెగిందంటే గీత తెగినట్టే, అద్దం ఎటు విరుగుతుందో తెలీదు. తర్వాత అద్దాన్ని బల్ల అంచుకి జరిపి, కింద నుంచి వేలితో చిన్నగా తట్టేవారు. రెండు ముక్కలూ నీళ్ళు విడిపోయినంత మెత్తగా విడిపోయేవి. బీడింగు, అంటే పటం చుట్టూ వేసే చట్రం కర్ర, కొయ్యడానికి గాళ్ళు తీసిన కొయ్య పెట్టె ఒకటుండేది. అందులో కర్ర పెట్టి కోస్తే సరిగ్గా 45 డిగ్రీలకి తెగేది. అలాంటి రెండు కోతలు కలిస్తే ఒక మూల. నాలుగు మూలలూ కలిశాక సందులో గోరు దూరకూడదు. అదీ నాన్న లెక్క.

వచ్చేవన్నీ దాదాపు ఒకే రకం. వెంకటేశ్వరస్వామి, జగన్నాథుడు, లక్ష్మీ సరస్వతులు. పెళ్ళి ఫొటోలు. పోయిన పెద్దల ఫొటోలైతే పదకొండో రోజుకల్లా కావాలి కాబట్టి రాత్రి కూర్చునైనా కట్టాలి. అప్పుడప్పుడు పాత ఇళ్ళ నుంచి రవివర్మ ప్రెస్సు బొమ్మలు వచ్చేవి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో రాతి పలకల మీద నుంచి దింపిన బొమ్మలవి. నాన్న వాటిని భూతద్దం పెట్టి నాకు చూపించేవారు. మామూలు క్యాలెండరు బొమ్మని అద్దం కింద పెడితే రంగులన్నీ వరసలు కట్టిన చుక్కలైపోతాయి. రాతి మీద దింపిన బొమ్మలో ఆ వరసలు ఉండవు. మరకలు, గింజలు, చేత్తో పెట్టిన చుక్కలు కనిపిస్తాయి. అది చూడ్డం నాకు ఏడెనిమిదేళ్ళకే వచ్చేసింది. ఎందుకు నేర్చుకుంటున్నానో నాకు తెలీదు. నాన్నకీ తెలిసి ఉండదు.

మ్యాపులు చాలా అరుదు. నాకు గుర్తున్నంతలో నాన్న బాధపడింది ఒక మ్యాపు గురించే. నేను పుట్టకముందు, పక్క ఊరి కరణంగారి కుటుంబం వాళ్ళు జమీందారీ ఎస్టేటు కాలం నాటి ఊరి పటం ఒకటి తెచ్చి కట్టమన్నారట. చేత్తో గీసి రంగులు వేసినది. మడతల దగ్గర చిరిగిపోతోందని నాన్న మైదా జిగురు కాచి, దాన్ని మొత్తంగా హార్డ్‌బోర్డుకి అతికించేశారు. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి జిగురు కోసం పురుగు పట్టి, కాగితాన్ని వెనక నుంచి తినేసింది. చెరువూ, దాని కింది మడులూ ఉన్న భాగమే పోయింది. వాళ్ళేమీ అనలేదు. నాన్న మాత్రం ఆ తర్వాత పాత కాగితం దేనికీ జిగురు ముట్టించలేదు. "పాతదాన్ని పట్టుకోవాలి గానీ అంటించకూడదమ్మా" అనేవారు.

పెళ్ళయ్యాక నేను న్యూజెర్సీలో కొన్నేళ్ళు ఉన్నాను. ఆ రోజుల గురించి ఎక్కువ రాయను. బాబు చంకలో, ఆయన ఆఫీసులో, బయట చలి. శనివారాలు రైలెక్కి న్యూయార్కు వెళ్ళి సెంట్రల్ పార్కులో తిరిగేవాళ్ళం. అక్కడ చెట్ల మధ్యకి వెళ్ళాక నాకు కొంచెం ఊపిరాడేది. ర్యాంబుల్ అనే చోట దారులు ఎటు తిరుగుతాయో తెలియకుండా మెలికలు పోతాయి. మా ఊరి ఏరు మహేంద్రతనయ ఒడ్డున చిన్నప్పుడు తిరిగిన తోటల్లో కూడా దారులు అలాగే ఉండేవి. ఆ పోలిక నా ఒక్కదానికే తోచి ఉంటుంది. తోచింది కాబట్టే ఆ ఊళ్ళో ఉండగలిగాను.

అక్కడే ఒక పాత కాగితాల కొట్లో దొరికింది ఈ పటం. పెట్టె నిండా పాత పత్రికల ముక్కలు, ఓడల బొమ్మలు, మ్యాపులు. అడుగున సన్నటి పొడుగాటి కాగితం మడతలు మడతలుగా ఉంది. విప్పి చూస్తే సెంట్రల్ పార్కు. 1860లలో పార్కు కమిషనర్లు ఏటా ఒక నివేదిక అచ్చు వేసేవారు. దాంట్లో మడిచి కుట్టిన పటమిది. అందుకే ఆ మడతలు. కొట్టతను వాటిని లోపంగా చెప్పి ధర తగ్గించాడు. నాకు మడతలే నచ్చాయి. ఎవరో ఈ నివేదిక తెరిచి, ఒక్కో మడతా విప్పి, బల్ల మీద పరుచుకుని చూసి ఉంటారు కదా. బ్యాగులోంచి చిన్న భూతద్దం తీసి చూశాను. చుక్కల వరసలు లేవు. బాబు పాల డబ్బాలకని దాచిన డబ్బుతో కొన్నాను.

ఆ పార్కు కొలతే వింత. పొడుగు సుమారు 4 కిలోమీటర్లు, వెడల్పు 800 మీటర్లు. మొత్తం 843 ఎకరాలు. అంచేత పటం కూడా వెడల్పు జానెడు, పొడుగు మూరన్నర. దిక్కులు కూడా మనకి అలవాటైనట్టు ఉండవు. కాగితం పొడుగునా పట్టడానికి పార్కుని పడుకోబెట్టేశారు, ఉత్తరం కుడి వైపుకి వచ్చేసింది. చుట్టూ ఊరంతా గళ్ళు గళ్ళు. 1811లో గీసిన ప్లానులో పార్కు ఉన్న మన్‌హాటన్ దీవిలో చాలా భాగాన్ని అలా నిలువు అడ్డ వీధులుగా కోసేశారు, పెద్ద తోటకంటూ చోటే ఉంచలేదు. ఊరు పెరిగి జనానికి గాలి కరువయ్యాక, 1853లో చట్టం చేసి ఈ నేల తీసుకున్నారు. ఎలా కట్టాలో చెప్పమని పోటీ పెడితే 33 ప్లాన్లు వచ్చాయి. 1858లో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరి ప్లాను గెలిచింది. వాళ్ళు చేసిన గొప్ప పని పటంలో వేలు పెట్టి చూపించొచ్చు. ఊరి బళ్ళు పార్కుకి అడ్డంగా పోవాలి కదా, ఆ నాలుగు రోడ్లనీ నేలలోకి దించేశారు. పైన నడిచేవాళ్ళకి బండి కనపడదు. పటంలో మెలికల దారుల కిందుగా ఆ నాలుగు గీతలూ దూరిపోతాయి.

మధ్యలో రెండు నీటి గుర్తులుంటాయి. ఒకటి గీత గీసినట్టు నలుపలకల చెరువు, దాని పక్కనే ఒంపులు తిరిగిన పెద్ద చెరువు. నలుపలకలది పార్కు కంటే ముందే, 1842లో ఊరికి మంచినీళ్ళ కోసం కట్టినది. 1930లలో దాన్ని పూడ్చి పచ్చిక మైదానం చేశారు. నేను ఎన్నో శనివారాలు బాబుని అక్కడే దుప్పటి మీద పడుకోబెట్టాను. వాడు పడుకున్నది ఒకప్పటి చెరువులో అని ఈ కాగితం కొన్నాకే తెలిసింది.

ఊరికి వస్తూ దాన్ని అట్ట గొట్టంలో చుట్టి, విమానంలో ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చాను. విశాఖ నుంచి పాతపట్నం మీదుగా ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. నాన్న అప్పటికి షాపు సగం మూసేసినట్టే. లామినేషన్లూ ఫ్లెక్సీలూ వచ్చాక పటాలు కట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తడి లేకుండా తుడుచుకుని, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, అప్పుడు విప్పమన్నారు.

"ఏటమ్మా ఇది, బరంపురం పట్టుచీర అంచులాగుంది" అన్నారు చూడగానే.

నాకు నోట మాట రాలేదు. నిజంగా అంచులాగే ఉంది. పొడుగునా చిన్న చిన్న చెట్లు, మెలికలు, మధ్యమధ్య చెరువుల పువ్వులు. తర్వాత భూతద్దం తీశారు. ఒక చివర నుంచి మొదలుపెట్టి జానెడు జానెడుగా చూసుకుంటూ పోయారు. ఒక్కో చెట్టు దగ్గరా ఆగారు. పావుగంట పైనే పట్టింది. "రాయి మీంచి దిగిందే. రంగు మాత్రం తర్వాత చేత్తో ఏసినారు, సూడు, ఇక్కడ గీత దాటింది." చెరువు నీలం ఒడ్డు గీత మీంచి ఆవగింజంత బయటికి వచ్చింది. నూట యాభై ఏళ్ళ కిందట కుంచె పట్టుకున్న మనిషి చెయ్యి కొంచెం జారిన చోటు అది. నేను ఎన్నిసార్లు చూశానో, నాకు కనపడలేదు.

కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. మామూలు పటానికి గంటన్నర చాలు. ఈ పటానికి మాత్రం నాన్న తొందరపడలేదు. మొదట కాగితాన్ని రెండు శుభ్రమైన బట్టల మధ్య పెట్టి, పైన అద్దాల బరువు పెట్టి, మడతల్ని నెమ్మదిగా అణిచారు. పూర్తిగా పోనివ్వలేదు, పోవాలంటే తడపాలి, తడిపితే రంగు కదులుతుంది. జిగురు ముట్టలేదు. ఫొటో ఆల్బంలో ఉంటాయే, అలా కాగితంతో చిన్న జేబులు నాలుగు చేసి, మూలల్ని వాటిలోకి దూర్చి మౌంటు బోర్డు అనే మందపాటి అట్ట మీద నిలిపారు. రేపు ఎప్పుడైనా తియ్యాలంటే చిరగకుండా బయటికి వచ్చేస్తుంది. కాగితానికీ అద్దానికీ మధ్య సందు ఉండేలా పైన ఇంకో మౌంటు కిటికీలా కోసి పెట్టారు. మా వైపు వానాకాలంలో అద్దం లోపల చెమ్మ పడుతుంది, కాగితం అద్దానికి ఆనుకుంటే అంటుకుపోతుంది, తర్వాత పీకితే సిరా అద్దంతో పాటే వస్తుంది. పాత ఇళ్ళ ఫొటోలన్నీ అలాగే పాడయ్యాయి. బీడింగుకి నగిషీలున్నది వద్దన్నారు. ఏ మెరుపూ లేని సన్నటి టేకు. "ఇందులోనే ఇంత పనుంది, దాని చుట్టూ ఇంకో పనెందుకు" అన్నారు. నేను కావాలనుకున్నది బంగారు రంగు అంచు. ఆయన మాటే సరైనది.

మూడో రోజు మధ్యాహ్నం, మౌంటు కోస్తూ కోస్తూ ఆగి అడిగారు.

"ఇది కట్టీముందు ఇక్కడెవరుండీవోరు?"

నాకు అంతవరకు ఆ ప్రశ్న రాలేదు. అక్కడ ఉన్నన్నాళ్ళూ నేను చెట్ల కిందే తిరిగాను. ఒకచోట బోర్డు చూసినట్టు గుర్తు, చదవకుండా దాటిపోయాను. ఆ రాత్రి కూర్చుని వెతికాను. పార్కు పడమటి అంచున, 82వ వీధికీ 89వ వీధికీ మధ్య సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825లో ఆండ్రూ విలియమ్స్ అనే పాతికేళ్ళ నల్లజాతి యువకుడు, బూట్లు పాలిష్ చేసుకుని బతికేవాడు, 125 డాలర్లకి మూడు స్థలాలు కొన్నాడు. అలా మొదలైన ఊరు. 1855కి అక్కడ దాదాపు 225 మంది. ఎక్కువమంది నల్లవాళ్ళు, కొందరు ఐరిష్ వాళ్ళు. మూడు చర్చిలు, ఒక బడి, సొంత ఇళ్ళు. న్యూయార్కులో నల్లవాళ్ళకి ఓటు కావాలంటే 250 డాలర్ల ఆస్తి ఉండాలన్న రూలు అప్పట్లో ఉండేది. సొంత స్థలం అంటే వాళ్ళకి అంత విలువ. 1857లో పార్కు కోసం అందరినీ ఖాళీ చేయించారు. పరిహారం ఇచ్చారు, చాలదని మొరపెట్టుకున్నవాళ్ళున్నారు. మొత్తం పార్కు నేల మీంచి లేచిపోయినవాళ్ళు 1600 మంది దాకా ఉంటారని లెక్క. 2011లో అక్కడ తవ్వకాలు జరిపితే ఒక ఇంటి పునాది బయటపడింది. ఇనప టీ కెటిల్ దొరికింది. చిన్న పిల్ల చెప్పు ఒకటి దొరికింది.

నేను కొన్న పటంలో ఆ చోట ఏముందో మర్నాడు ఇద్దరం భూతద్దంతో చూశాం. చెట్లున్నాయి. చక్కగా, ఒద్దికగా గీసిన చెట్లు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తాత సంగతి ఎత్తారు. మా ఇల్లు పర్లాకిమిడిలో, తాతకున్న రెండెకరాల పొలం పాతపట్నం అవతల. మధ్యలో నడిచిపోయేంత దూరం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైంది. పర్లాకిమిడి ఎస్టేటుని రెండుగా కోశారు. ఊరు ఒరిస్సాలోకి వచ్చింది, పాతపట్నం, టెక్కలి వైపు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. తాత పొద్దున్నే నాగలి భుజాన వేసుకుని ఒరిస్సాలో బయల్దేరి మద్రాసులో దున్ని, సాయంత్రం మళ్ళీ ఒరిస్సాకి వచ్చేవారట. ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, సవరల భాషకి నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అది మా ఊళ్ళో తెలుగు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే మాట.

"మనూరూ అలాగే" అన్నాను నేను.

"కాదమ్మా" అన్నారు నాన్న వెంటనే. "మనల్ని ఎవరూ లెమ్మన్లేదు. గీత మన పక్కనుంచి పోయింది, ఇల్లు ఇక్కడే ఉంది. ఆళ్ళ ఇంటి మీంచే పోయింది. రెండూ ఒకటి కాదు." రెండు పక్కలా బంధువులున్న మనిషి, ఒడియా వాళ్ళ పెళ్ళి ఫొటోలూ తెలుగు వాళ్ళ పెళ్ళి ఫొటోలూ ఒకే చేత్తో కట్టిన మనిషి చెప్పిన మాట. అందుకని నేను మళ్ళీ ఆ పోలిక తేలేదు.

అయితే ఆయన దాన్ని అక్కడితో వదిలిపెట్టలేదు. "ఆ ఇళ్ళున్న పటం ఏదీ లేదా?" అన్నారు. ఉంది. 1856లో భూసేకరణ కోసం గీసిన సర్వే పటం. ఒక్కో స్థలం, దాంట్లో ఇల్లు, యజమాని పేరు. చర్చిలు కూడా పేర్లతో ఉన్నాయి. లేపెయ్యడానికి గీసుకున్న కాగితంలోనే ఆ ఊరు నిలిచి ఉంది. అందులో ఆ ముక్క మాత్రం బరంపురంలో మంచి కాగితం మీద ప్రింటు తీయించాను. నాన్న దాన్నీ కట్టారు. ప్రింటే కదా అని నేను అడ్డు చెప్పబోతే, అదే టేకు, అదే మౌంటు, అదే జాగ్రత్త.

ఆ రెండూ మా ముందు హాల్లో, ఉయ్యాల బల్ల ఎదురు గోడకి ఉన్నాయి. ఆ గోడ ఎందుకంటే అది లోపలి గోడ. బయటి గోడకైతే వానకి చెమ్మ ఎక్కుతుంది, పడమటి వైపైతే ఎండకి చేత్తో వేసిన రంగు వెలిసిపోతుంది. పొడుగు పటం పైన, చిన్నది దాని కింద, కొంచెం కుడి పక్కకి జరిపి. ఎందుకు సరిగ్గా మధ్యలో పెట్టలేదని చూసినవాళ్ళు అడుగుతారు. చిన్న పటం పెద్దదాంట్లో ఎక్కడికి చెందుతుందో సరిగ్గా ఆ చోటు కిందే నాన్న మేకు కొట్టారు. పాత ఇళ్ళలో పటాలకి తాడు కట్టి కాస్త ముందుకి వాల్చినట్టు తగిలిస్తారు కదా, వీటినీ అలాగే తగిలించారు, కింద కూర్చున్నవాళ్ళకి కూడా కనపడాలని. మా అమ్మ దసరాకి అన్ని పటాలతో పాటు వాటికీ పొడి గుడ్డ పట్టి, మూలకో బొట్టు పెట్టేది. దేవుడి బొమ్మ కాదని ఆమెకి తెలుసు. పటం కాబట్టి పెట్టేది.

నాన్న పోయి ఆరేళ్ళయింది. పోయిన వానాకాలం తర్వాత పొడుగు పటం అంచున గోధుమ రంగు మచ్చ ఒకటి కనిపిస్తే కిందకి దింపాను. వెనక హార్డ్‌బోర్డు నుంచే రంగు ఎక్కుతోంది. అది మార్చాలి. దుమ్ము దూరకుండా వెనక ఆయన అంటించిన పేపర్లు తడిపి తీశాను. సగం ఒడియా పేపరు, సగం తెలుగు పేపరు. షాపుకి రెండూ వచ్చేవి. చిన్న మేకులు ఒక్కొక్కటీ పట్టకారుతో లాగి గిన్నెలో వేశాను. మౌంటు ఎత్తితే మూలల జేబుల్లోంచి కాగితం దానంతట అదే జారి వచ్చింది, ఎక్కడా చిరగలేదు, ఎక్కడా అతుక్కోలేదు. కొత్త బోర్డు వేసి, అద్దం తుడిచి, ఆ మేకుల్నే మళ్ళీ పాత కన్నాల్లోకే దింపాను.